క్రయపత్రము చరిత్ర – ఇల్లు కొనువారి సందేహములు

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అన్న సామెతలో ఇల్లు కొని చూడుమన్న మాట లేదు. పూర్వము మన ఊళ్ళలో ఇల్లు కట్టుకొనుటయే కాని కొనుట అరుదు. తాత కట్టించిన ఇంట మనుమడు పుట్టెడివాడు. ఆ ఇంటనే పెరిగి, ఆ ఇంటనే కన్ను మూసెడివాడు. నేడు కాలము మారినది. ఉద్యోగము ఉన్న ఊరిలో కట్టిన ఇంటినో, కట్టుచున్న మేడలో ఒక వాటానో కొనువారు అనేకులు. ఇరువది ముప్పది సంవత్సరముల సంపాదనను, దానికి తోడు బ్యాంకు అప్పును, కొన్ని యెడల ఇల్లాలి ఒంటిమీది బంగారమును ఒక్క కాగితము మీద పెట్టి, ఆ కాగితమును బీరువాలో దాచుకొని నిశ్చింతగా నిద్రించుచున్నారు. ఆ కాగితమే క్రయపత్రము.

ఆ కాగితము కొన్నవానికి ఏమి యిచ్చును? ఏమి యియ్యలేదు? అమ్మినవానికి హక్కు లేదని పది సంవత్సరముల పిమ్మట తేలినచో నష్టము ఎవరిది? న్యాయస్థానములలో స్థిరాస్తి వ్యాజ్యము నడుపు కుటుంబములకు ఈ ప్రశ్నలు బాగుగా తెలియును. తెలియవలసినది కొనక పూర్వము. తెలియుచున్నది కొన్న పిమ్మట. కనుక ఇల్లు చేతులు మారు పద్ధతి మన దేశమున ఎట్లు పుట్టి, ఎట్లు పెరిగి, నేటి రూపమునకు వచ్చెనో ఈ ప్రసంగములో సంగ్రహముగా మనవి చేయుచున్నాము. నేటి కొనుగోలుదారు అడుగవలసిన ప్రశ్నలన్నియు ఆ చరిత్రలోనే కనిపించును.

కౌటిల్యుని అర్థశాస్త్రము మూడవ అధికరణమున ఇండ్లు, పొలములు, తోటలు, చెరువులు మున్నగు వాస్తువుల విక్రయమును గూర్చి విధులు కలవు. అమ్మదలచినవాడు మొదట జ్ఞాతులకును, పిదప ఇరుగుపొరుగు వారికిని, ఆ పిదప అప్పిచ్చినవారికిని ఆ క్రమములో అవకాశ మీయవలెను. వారు వలదన్నప్పుడే ఇతరులకు అమ్మవలెను. ఆ అమ్మకము రహస్యముగా జరుగరాదు. ఇంటి ముందర, సమీపమున నివసించు నలుబది కుటుంబముల వారి సమక్షమున చాటింపవలెను. పొలమైనచో గ్రామవృద్ధుల యెదుట హద్దులు చెప్పవలెను. ఈ వెలకు కొనువారెవరని ముమ్మారు పిలిచిన పిమ్మట అడ్డు చెప్పువారు లేనిచో కొనువాడు కొనవచ్చును. పోటీ వలన వెల పెరిగినచో ఆ పెరిగిన మొత్తము సుంకముతో కూడ రాజు బొక్కసమునకు చేరవలెను. అమ్మకములో ప్రభుత్వమునకు భాగ మిచ్చుట నేటి స్టాంపు సుంకముతో మొదలైన వింత కాదని దీనివలన తెలియుచున్నది.

తరువాతి కాలమున, కల్యాణి చాళుక్య చక్రవర్తి ఆరవ విక్రమాదిత్యుని ఆస్థానమున విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షర ఈ విషయమును మరింత విశదము చేసినది. భూమి ఆరింటివలన చేతులు మారునని ఒక ప్రాచీన వచనమును ఆయన చర్చించెను. గ్రామము యొక్క సమ్మతి, జ్ఞాతుల సమ్మతి, పొరుగువారి సమ్మతి, దాయాదుల సమ్మతి, బంగారము, ధారాజలము అనునవి ఆ ఆరు. వీనికి విజ్ఞానేశ్వరుడు చెప్పిన కారణములు గమనింపదగినవి. గ్రామము యొక్క సమ్మతి ఎందుకు? వ్యవహారము పదుగురికి వెల్లడి యగుటకు. పొరుగువారి సమ్మతి ఎందుకు? రేపు హద్దు తగవు రాకుండుటకు. జ్ఞాతుల సమ్మతి ఎందుకు? వారు విడిపోయినారా, కలసి యున్నారా అను సందేహము కొన్నవానిని పట్టి పీడింపకుండుటకు. భూవిక్రయము ప్రశస్తము కాదను భావము ఆనాడు ఉండుటచే, అమ్మకమునకు దానరూప మిచ్చుటకై బంగారమును, నీటిని చేర్చిరి. గ్రామస్థులు ఒప్పుకొననంత మాత్రమున అమ్మకము చెల్లకపోదనియు, ఆ సమ్మతి వ్యవహార సౌకర్యమునకే యనియు ఆయన స్పష్టపరచెను.

ఈ మితాక్షర ధర్మమును పదమూడవ శతాబ్దిలో మూలఘటిక కేతన విజ్ఞానేశ్వరీయము అను పేర తెలుగు పద్యములలోనికి తెచ్చెను. వ్యవహార ధర్మము తెలుగువారికి తెలుగులో తెలియవలెనను కోరిక అంత పాతది.

ఇక శాసనముల మాట. తూర్పు చాళుక్యుల నాటి రాగిరేకుల నుండి విజయనగర కాలము నాటి శిలాశాసనముల వరకు భూదాన శాసనములలో హద్దులు చెప్పుట యందు చూపిన శ్రద్ధ ఆశ్చర్యము గొలుపును. తూర్పున ఫలాని చెరువు, దక్షిణమున ఫలాని చింతచెట్టు, పడమట పుట్ట, ఉత్తరమున పాతిన రాయి అని నాలుగు దిక్కులు వరుసగా చెప్పుదురు. నేటి క్రయపత్రములోని చతుస్సీమల పట్టిక దాని సంతతియే. నిధి, నిక్షేపము, జలము, పాషాణము, అక్షీణి, ఆగామి, సిద్ధము, సాధ్యము అను అష్టభోగములను దానగ్రహీతకు ఇచ్చుట విజయనగర శాసనములలో సామాన్యము. నేటికిని మన దస్తావేజు లేఖరులు నిధి నిక్షేప జల తరు పాషాణముల పేర్లు వ్రాయుచునే యున్నారు. మూడవ అంతస్తులోని వాటా అమ్ముచు నిధి నిక్షేపములతో సహా ఇచ్చితిమని వ్రాయుట చూచి నవ్వవచ్చును. కాని ఆ నాలుగు మాటల వెనుక అనేక శతాబ్దముల ఆచారమున్నది.

శాసనముల చివర శాపములుండును. ఇచ్చిన భూమిని హరించువాడు అరువదివేల సంవత్సరములు పురుగై పుట్టునని బెదిరింతురు. హక్కునకు పూచీ చెప్పు ఉపాయము ఆనాడు అది. అయినను శాపమునకు వెరవని వారు అప్పుడును ఉండిరి. హర్షచక్రవర్తి క్రీ.శ. 631లో వేయించిన మధుబన్ తామ్రశాసనము ఇందుకు సాక్షి. వామరథ్యుడను ఒక బ్రాహ్మణుడు కూటశాసనముతో, అనగా దొంగ రాగిరేకుతో, సోమకుండక గ్రామము ననుభవించుచుండగా, హర్షుడు ఆ రేకును విరిచివేసి గ్రామమును వేరు బ్రాహ్మణుల కిచ్చెను. దొంగ దస్తావేజు స్టాంపు కాగితముతో పుట్టలేదు, వ్రాతతోనే పుట్టినది. రాగిరేకు ఉన్నంత మాత్రమున హక్కు ఉన్నట్లు కాదన్న నీతి పదునాలుగు వందల సంవత్సరముల నాటిది.

మహమ్మదీయ ప్రభువుల కాలమున పారశీకము కచేరీ భాష యైనది. ఖాజీ ముద్ర పడిన పత్రమునకు విలువ వచ్చెను. నేడు మనము తెలుగు మాటలే యనుకొని వాడుచున్న దస్తావేజు, కబ్జా, జామీను, బయానా, రసీదు, వకాల్తు మున్నగునవి ఆ కచేరీల నుండి వచ్చినవే. తెలంగాణమున అమ్మకపు పత్రమును బైనామా యనుట నేటికిని కలదు. ఇస్లాము ధర్మశాస్త్రమున షుఫా యను హక్కు కలదు. ఇల్లు అమ్ముడుపోవునపుడు సహభాగస్వామియు, కొన్ని యెడల పొరుగువాడును తనకే ముందు అమ్మవలెనని కోరు హక్కు అది. కౌటిల్యుడు చెప్పిన క్రమమునకును దీనికిని పోలిక స్పష్టము. కేవలము పొరుగువాడైనందున కలుగు ఇట్టి హక్కు రాజ్యాంగమునకు విరుద్ధమని 1962లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. ఇరుగుపొరుగు వారికి అమ్మకములో నున్న అధికారము ఆ విధముగ ముగిసినది. వారి సాక్ష్యమునకు గల విలువ మాత్రము ముగియలేదు. ఆ సంగతి మరల చెప్పుదుము.

ఈస్టిండియా కంపెనీ పాలనలో వ్యవహారము మరియొక మలుపు తిరిగినది. జమీందారీ బందోబస్తునకు చట్టము చేసిన 1802లోనే మద్రాసు ప్రభుత్వము 17వ రెగ్యులేషను ద్వారా దస్తావేజుల నమోదునకు ఏర్పాటు చేసినది. సర్కారు జిల్లాలు అప్పటికే కంపెనీ చేతిలో ఉండెను. కనుక తెలుగు నేలకు ఈ నమోదు పద్ధతి పరిచయమై రెండు శతాబ్దములు దాటినది. కాని ఆనాడు నమోదు ఐచ్ఛికము. చేయించుకొన్నవాడు చేయించుకొనెను, మానినవాడు మానెను. ఒకే ఇంటిని ఇద్దరికి అమ్ముటకు, పాత తేదీ వేసి కొత్త పత్రము పుట్టించుటకు దారి తెరచియే యుండెను. 1864లో దేశమంతటికి వర్తించు రిజిస్ట్రేషను చట్టము వచ్చి, కొన్ని దస్తావేజుల నమోదును నిర్బంధము చేసినది. అది 1866లోను, 1871లోను, 1877లోను మార్పులు పొంది, 1908లో 16వ చట్టముగా స్థిరపడినది. నేడు సబ్ రిజిస్ట్రారు కచేరీలలో అమలునందున్నది, అనేక సవరణలతో, ఆ 1908 చట్టమే.

స్టాంపు సుంకము కథ వేరు. అది కొనువాని రక్షణకై పుట్టలేదు, ఖజానాకై పుట్టినది. 1624లో హాలెండు దేశమున మొదలై, 1694లో ఇంగ్లండునకు పాకి, కంపెనీతో మన దేశమునకు వచ్చినది. మన స్టాంపు చట్టము 1899 నాటిది. స్టాంపు కాగితము మీద వ్రాసిన మాత్రమున మాటకు సత్యము రాదు. తగిన స్టాంపు లేనిచో న్యాయస్థానము ఆ పత్రమును, లోటు సుంకమును జరిమానాను చెల్లించు వరకు, సాక్ష్యముగా తీసికొనదు. అంతవరకే దాని ప్రభావము.

1882లో ఆస్తి బదిలీ చట్టము వచ్చినది. దీని 54వ సెక్షను ప్రకారము నూరు రూపాయలు, అంతకు మించిన విలువ గల స్థిరాస్తి అమ్మకము రిజిస్టరు దస్తావేజు మూలముననే జరుగవలెను. ఆనాడు నూరు రూపాయలు పెద్ద మొత్తము. నేడు ఆ అంకె మారకుండుటచే ప్రతి ఇంటికిని నమోదు తప్పనిసరి యైనది. అమ్మెదనని వ్రాసిన ఒప్పందము వలన ఇంటిపై ఏ హక్కును కలుగదని ఆ సెక్షనే చెప్పుచున్నది. బయానా యిచ్చి ఒప్పందము వ్రాయించుకొన్నవాడు ఇంటికి యజమాని కాలేదు. అమ్మకము జరిపింపుమని అడుగు అర్హత మాత్రము సంపాదించినాడు. ఆ అర్హతకును గడువు కలదు. ఒప్పందములో తేదీ నిర్ణయించియున్నచో ఆ తేదీ నుండి, లేనిచో అమ్మువాడు నిరాకరించినట్లు తెలిసిన నాటి నుండి మూడు సంవత్సరములలోపల దావా వేయవలెనని 1963 నాటి కాలపరిమితి చట్టము నియమించినది.

జనరల్ పవరు అనబడు అధికార పత్రము, ఒప్పందము, వీలునామా ఈ మూడును వ్రాయించుకొని ఇల్లు కొన్నట్లు సంతృప్తి పడుట పట్టణములలో కొంతకాలము ఆచారమై యుండెను. ఈ పద్ధతి వలన యాజమాన్యము రాదని 2011లో సూరజ్ ల్యాంప్ కేసునందు సుప్రీంకోర్టు స్పష్టముగ తీర్పు చెప్పెను. పరదేశమున నున్న యజమాని తన సోదరునికో, కుమారునికో అధికార మిచ్చి, వారి మూలమున రిజిస్టరు క్రయపత్రము వ్రాయించుట వేరు, అది చెల్లును. అధికార పత్రమునే అమ్మకముగా భావించుట చెల్లదు. అధికార మిచ్చినవాడు జీవించియున్నాడా, ఆ అధికారమును రద్దు చేసినాడా అని విచారించుట కొనువాని విధి.

ఇప్పుడు అన్నిటికంటె పెద్ద ప్రశ్నకు వత్తుము. అమ్మువాడు నిజముగా యజమానియేనా? తనకు లేని హక్కును ఎవ్వడును ఇతరునికి ఇయ్యజాలడు. ఇది లోకమునందలి న్యాయశాస్త్రములన్నిటికి పునాది వంటి సూత్రము. ఈ సూత్రము వలన మన దేశమున నలిగిన కుటుంబములు లెక్కకు మిక్కిలి. 1956కు పూర్వము హిందూ వితంతువునకు భర్త ఆస్తిపై పరిమితమైన హక్కే యుండెడిది. కుటుంబావసరము వంటి ధర్మశాస్త్ర సమ్మతమగు కారణముండిననే ఆమె చేసిన అమ్మకము ఆమె జీవితానంతరము నిలుచును. లేనిచో భర్త తరపు వెనుకటి వారసులు ఆమె మరణించిన పిమ్మట పండ్రెండు సంవత్సరములలోపల దావా వేసి, ఇంటిని తిరిగి పొందవచ్చును. ఆమె నలుబది సంవత్సరములు జీవించినదనుకొందము. ఇల్లు కొన్నవాడు మరణించియుండును. అతని కుమారుడు ఆ ఇంటికి మేడ కట్టియుండును. మనుమడు ఆ ఇంట పెండ్లి చేసికొని యుండును. అప్పుడు ఎన్నడును చూడని దాయాది వచ్చి తలుపు తట్టును. తాత ఇచ్చిన సొమ్ము ఆమె ఏ అవసరమునకు వాడినదో మనుమడు ఋజువు చేయవలెను. సాక్షులు ఎక్కడ? అందరు ఎన్నడో కాటికి పోయిరి. పాత క్రయపత్రములలో ఫలానా అప్పు తీర్చుటకు, ఫలానా పెండ్లి ఖర్చులకు అని కారణములను విస్తారముగా వ్రాయించుట ఈ భయము వలననే.

1856లో హనుమాన్ ప్రసాద్ పాండే కేసునందు ప్రివీ కౌన్సిలు ఇట్టివారికి కొంత ఊరట కలిగించినది. మైనరు కుమారుని ఆస్తిని తల్లి నిర్వహించుచు అప్పు చేసిన వ్యవహారమది. అప్పిచ్చువాడు అవసరమున్నదో లేదో శక్తికొలది విచారింపవలెననియు, నిజాయితీతో విచారించి నమ్మి ఇచ్చినచో, పిదప అవసరము లేదని తేలినను, సొమ్ము వేరు దారి పట్టినను అతని హక్కునకు భంగము లేదనియు తీర్పు చెప్పిరి. విచారించినవానికి రక్షణ కలదు. కన్నులు మూసికొన్నవానికి లేదు. ఆ తీర్పులోని ఈ నీతి నేటికిని మన ఆస్తి చట్టమునకు జీవము.

1956 నాటి హిందూ వారసత్వ చట్టము స్త్రీ స్వాధీనమందున్న ఆస్తిని ఆమెకు సంపూర్ణ హక్కుగా చేసి ఆ పాత చిక్కును తీర్చినది. ఆ సంవత్సరమే వచ్చిన మరియొక చట్టము, మైనరు పేర ప్రత్యేకముగ నున్న ఆస్తిని సహజ సంరక్షకులు న్యాయస్థానపు అనుమతి లేక అమ్మరాదని నిషేధించినది. అనుమతి లేని అమ్మకమును ఆ బాలుడు మేజరైన పిదప మూడు సంవత్సరములలోపల రద్దు చేయించుకొనవచ్చును. తరువాత కుమార్తెల హక్కు వచ్చినది. 5-9-1985 నుండి అమలగునట్లు ఆంధ్రప్రదేశ్ రాష్ట్రము, ఆనాటికి వివాహము కాని కుమార్తెలకు పిత్రార్జితమున కుమారులతో సమాన హక్కు నిచ్చెను. 2005లో కేంద్ర చట్టము ఆ హక్కును దేశమందలి హిందూ కుమార్తెలందరికి విస్తరింపజేసెను. ఆ నాటికి తండ్రి జీవించియుండవలెనను నియమము లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చెను. 20-12-2004కు పూర్వము జరిగిన అమ్మకములకును, రిజిస్టరైన పంపకములకును దీనివలన భంగము లేదు.

కనుక అన్నదమ్ములు ముగ్గురు వచ్చి సంతకములు చేసినంతనే సంతృప్తి పడరాదు. ఇల్లు స్వార్జితమా, పిత్రార్జితమా? తండ్రి వీలునామా వ్రాసెనా? ఆడబిడ్డలు ఎందరు? వారి సంతకములు ఏవి? ఈ ప్రశ్నలు అడుగుటకు మొగమాటపడువారు మనలో కలరు. ఆడపడుచును కట్నకానుకలతో పంపివేసితిమన్న మాట కుటుంబములో చెల్లునేమో కాని న్యాయస్థానములో చెల్లదు. జ్ఞాతుల, దాయాదుల సమ్మతి యని మితాక్షర చర్చించిన రెండు సమ్మతులు మరల మన యెదుటికి వచ్చినవి. ఈ పర్యాయము ఆ దాయాదులలో కుమార్తెలును చేరిరి.

రెండవ ప్రశ్న ఇంటిపై నున్న భారములను గూర్చినది. సబ్ రిజిస్ట్రారు కచేరీలో లభించు ఎన్‌కంబరెన్సు సర్టిఫికెట్టును, ప్రజలు ఈసీ యని పిలుచుదురు, ముప్పది సంవత్సరములకు తీయించుమని న్యాయవాదులు చెప్పుదురు. ముప్పదియే ఎందుకు? తనఖా విడిపించుకొను దావాకు 1963 చట్టము పెట్టిన గడువు 30 సంవత్సరములు. ప్రభుత్వము తన ఆస్తికై వేయు దావాకును గడువు అంతియే. ముప్పది సంవత్సరముల వయస్సు గల పత్రము సరియైన చోట నుండి బయటపడినచో అది సక్రమముగ వ్రాయబడినదని న్యాయస్థానము భావింపవచ్చునని 1872 సాక్ష్య చట్టము చెప్పినది. దాని స్థానమున 2024 జూలై 1 నుండి అమలునకు వచ్చిన చట్టమును ఆ ముప్పదినే నిలుపుకొన్నది. ఈ మూడు ముప్పదులు కలసి ఆ ఆచారమునకు బలము చేకూర్చినవి.

ఆంధ్రప్రదేశ్ నందు 1998లో కచేరీల నమోదు పని కంప్యూటర్లకు ఎక్కినది. 1983 నుండి గల నమోదుల వివరములు యంత్రముపై దొరకుచున్నవి. అంతకు పూర్వపు సంగతులకు చేతివ్రాత సంపుటములను వెదకింపవలెను. వెదకినను ఈసీ అన్నియు చెప్పదు. అది నమోదైన వ్యవహారములనే చెప్పును. నోటిమాటగా జరిగిన పంపకము దానిలో ఉండదు. నమోదు కాని వీలునామా ఉండదు. న్యాయస్థానములో నడచుచున్న దావా సాధారణముగ కానరాదు. కాని దావా నడచుచుండగా కొన్నవాడు ఆ తీర్పునకు కట్టుబడవలెనని 52వ సెక్షను శాసించుచున్నది. అసలు దస్తావేజులను బ్యాంకులో ఉంచి అప్పు తెచ్చు తనఖాకు వ్రాత అక్కరలేదు. కనుక అది ఈసీకి ఎక్కకయు నుండవచ్చును. అందుచేత నకళ్ళు చూచి తృప్తి పడక, అసలు దస్తావేజులు చూపుమని అడుగవలెను. పోయినవని చెప్పినచో కారణము విచారింపవలెను.

మరియొక సూక్ష్మము కలదు. వ్రాసిన తేదీ నుండి నాలుగు నెలలలోపల దస్తావేజును నమోదునకు దాఖలు చేయవచ్చును. నమోదైన పిదప అది వ్రాసిన నాటి నుండియే అమలగును. కనుక నేటి ఈసీలో కానరాని పత్రము రేపు నమోదై, మీ పత్రముకంటె ముందుది కావచ్చును. సొమ్మంతయు ముందుగా చెల్లించి, నమోదును తరువాతకు వాయిదా వేయుట ఎంత అపాయమో దీనివలన గ్రహింపవచ్చును.

మూడవ ప్రశ్న: అమ్మువాని బాధ్యత యేమి? ఇందు మన చట్టము కొనువానికి మేలు చేసినది. ఆస్తియందును హక్కునందును తనకు తెలిసి, కొనువాడు సామాన్యమైన జాగ్రత్తతో కనుగొనజాలని లోపములను అమ్మువాడు చెప్పి తీరవలెనని 55వ సెక్షను విధించినది. అమ్మకపు తేదీ వరకు గల పన్నులను అతడే చెల్లింపవలెను. తన హక్కు సరియైనదని అతడు పూచీ పడినట్లే చట్టము భావించును. పూర్వపు శాసనములలో శాపము చేసిన పనిని నేడు ఈ పూచీ చేయుచున్నది. అయితే పూచీ వలన వచ్చునది సొమ్ము. పోయిన ఇల్లు రాదు. అమ్మినవాడు దివాలా తీసినచో ఆ సొమ్మును రాదు.

అంతస్తుల మేడలలో వాటా కొనువారికై 2016లో రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టము వచ్చినది. 500 చదరపు మీటర్లు మించిన స్థలమునగాని, ఎనిమిదికి మించిన వాటాలు గాని గల నిర్మాణములు నియంత్రణ సంస్థ వద్ద నమోదు కావలెను. రిజిస్టరు ఒప్పందము వ్రాయక వెలలో పదవవంతునకు మించి తీసికొనరాదు. కొనువారి సొమ్ములో నూటికి 70 వంతులు ప్రత్యేకమగు ఖాతాలో ఉంచవలెను. స్థలపు హక్కులో లోపమున్నచో నిర్మాత పరిహార మియ్యవలెను. ఆ పరిహారమునకు కాలపరిమితి అడ్డురాదు. ఈ చివరి నియమము మన ఆస్తి చట్ట చరిత్రలో కొత్తది, విలువైనది.

గ్రామములలో గ్రామకంఠమునందలి ఇండ్లకు మరియొక చిక్కు కలదు. వానికి పట్టాలు లేవు. అనుభవమును, పంచాయతీ పన్ను రసీదులును ఆధారము. పన్ను రసీదు పన్ను కట్టినట్లు చెప్పును, యజమానివని చెప్పదు. 2020లో కేంద్ర ప్రభుత్వము స్వామిత్వ పథకము క్రింద డ్రోనులతో గ్రామములలోని ఇండ్లను కొలిపించుటకు పూనుకొన్నది.

ఇంతకును రిజిస్ట్రారు చేయు పని యేమి? అతడు దస్తావేజును నమోదు చేయును. హక్కును నమోదు చేయడు. వ్రాసినవాడు వచ్చి తానే వ్రాసితినని ఒప్పుకొన్నాడా అని చూచును. ఆ ఇల్లు అతనిదేనా అని నిర్ణయించు అధికారము అతనికి లేదు. ప్రభుత్వమే హక్కునకు పూచీ పడు పద్ధతిని 1858లో దక్షిణ ఆస్ట్రేలియాలో రాబర్టు టోరెన్సు ప్రవేశపెట్టెను. అట్టి ఆశయముతో ఆంధ్రప్రదేశ్ చేసిన భూ హక్కుల చట్టము 2023లో అమలునకు వచ్చి, వివాదములపాలై, 2024లో రద్దయినది. హక్కును నిర్ణయించునది అధికారియా, న్యాయస్థానమా యన్నది ఆ వివాదములోని ముఖ్యాంశము. ఆ ప్రశ్న తీరువరకు కొనువాడు తన విచారణ తానే చేసికొనవలెను.

ఆ విచారణ కచేరీతో ముగియరాదు. ఇంటిలో వాస్తవముగ నివసించుచున్నవానికి గల హక్కు కొనువానికి తెలిసినట్లే భావింపవలెనని ఆస్తి బదిలీ చట్టము 3వ సెక్షనునకు 1929లో చేర్చిన వివరణము చెప్పుచున్నది. అనగా ఇంటికి పోయి తలుపు తట్టి, "అయ్యా, తమరు ఇక్కడ ఏ హక్కుతో ఉన్నారు?" అని అడుగనివాడు అడిగినట్లే లెక్క. అద్దెకున్నవాడా, ఒప్పందము వ్రాయించుకొన్నవాడా, వాటా కోరు తమ్ముడా అన్నది ఆ ఒక్క ప్రశ్నతో బయటపడును. హద్దు గోడ ఎవరిదో పొరుగింటివాడు చెప్పును. యజమానికి మరియొక సోదరి కలదని వీధి చివరి వృద్ధురాలు చెప్పును. ఇవి ఏ సంపుటములోను ఉండవు.

నలుబది కుటుంబముల యెదుట చాటింపుమన్న కౌటిల్యుడును, ఊరి సమ్మతి వ్యవహారము వెల్లడి యగుటకే యన్న విజ్ఞానేశ్వరుడును ఎరిగిన సత్యము ఇదియే. ఊరు చేసిన పనిని కచేరీ కొంతవరకే చేయగలదు. మిగిలినది కొనువాడు తన కాళ్ళతో తిరిగి చేసికొనవలెను. బయానా ఇచ్చుటకు ముందు ఒక న్యాయవాదికి దస్తావేజులు చూపుట, ఒక దినము ఆ వీధిలో తిరుగుట, నాలుగు హద్దులు స్వయముగ నడచి చూచుట పెద్ద ఖర్చు కాదు. ఒక కుటుంబము యొక్క ముప్పది ఏండ్ల కష్టార్జితమును కాపాడుటకు అంతకంటె చౌకయైన మార్గము మాకు తోచుట లేదు.